జంట ఫ్లాష్‌ల మీద నీ వ్యాసం గురించి

చిరంజీవికి,

మాక్రో ఫొటోగ్రఫీకి, అంటే పురుగుల్లాంటి చిన్నవాటిని బాగా దగ్గరగా తియ్యడానికి, రెండు ఫ్లాష్‌లు అమర్చుకోవడం మీద నువ్వు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. విషయం నీకు బాగా తెలుసు. కానీ సగం దాకా ఏ ఫ్లాష్‌కి ఎంత పవర్, బ్రాకెట్ ఎక్కడ బిగించాలి అన్నదే ఉంది. పురుగు మీద వెలుగు ఎలా పడుతుందో ఎక్కడా కనపడలేదు. సామాన్ల జాబితా ఏ షాపువాడైనా ఇస్తాడు.

ఆరుద్ర పురుగుతో మొదలుపెట్టు. తొలకరికి తడి నేల మీదికి వచ్చే ఆ ఎర్రటి పురుగుని చిన్నప్పుడు అరచేతిలో పాకించుకున్నవాళ్లు మన పాఠకుల్లో చాలామందే ఉంటారు. దాన్ని రెండు వైపులనుంచీ సమానమైన ఫ్లాష్‌తో తీస్తే ఒంటి మీది నూగు మాయమై ఎర్రటి ముద్ద మిగులుతుంది. ఎడమ ఫ్లాష్‌ని కాస్త పైకి, పక్కకి జరిపి, కుడిదాని పవర్ నాలుగో వంతుకి తగ్గించి చూడు. నూగు సన్నగా నీడ పడి మఖమల్ గుడ్డలా లేచి నిలబడుతుంది. ఇంత చూపించాక 4:1 రేషియో అని రాస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

ఫ్లాష్ వెలుగుని మెత్తబరిచే తెర ఉందే, ఆ డిఫ్యూజర్‌కి రెండు వాక్యాలిచ్చి ఊరుకున్నావు. అసలు ప్రాణమంతా అక్కడే ఉంది! ఫ్లాష్‌ని నేరుగా కొడితే నల్లటి పెంకు పురుగు వీపు మీద రెండు తెల్లటి చుక్కలు, చుట్టూ కటిక నలుపు. వెలుగు మెత్తబడాలంటే పురుగు ఉన్నచోటి నుంచి చూసినప్పుడు వెలిగే భాగం పెద్దగా ఉండాలి. అందుకని ఫ్లాష్‌కీ డిఫ్యూజర్‌కీ మధ్య కొంత ఎడం వదిలి, డిఫ్యూజర్‌ని పురుగుకి వీలైనంత దగ్గరగా తేవాలి. ఫ్లాష్ మూతికే అంటించేస్తే వెలిగే భాగం పెద్దగా పెరగదు, పవర్ మాత్రం తగ్గిపోతుంది. ట్రేసింగ్ పేపర్ చాలు, ప్యాకింగ్‌లో వచ్చే పల్చటి తెల్ల ఫోమ్ అయినా ఫర్వాలేదు. సరిపోయిందో లేదో దూకే సాలీడు ముందు కళ్లే చెబుతాయి. వాటిలో రెండు సూదిమొనలు మెరుస్తుంటే ఇంకా పని ఉంది. వెడల్పుగా, అంచులు కరిగినట్టు కనిపిస్తే చాలు.

లెన్స్ రంధ్రం సైజు, షట్టర్ వేగం, కెమెరా సున్నితత్వం మూడింటినీ 'ఎఫ్/11, 1/200, ఐఎస్ఓ 200 పెట్టండి' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఎందుకో చెప్పు. పరిసరాల వెలుగు పెద్దగా లేనప్పుడు కదలికని ఆపేది షట్టర్ కాదు, ఫ్లాష్ వెలిగే ఆ క్షణం. పవర్‌ని 1/16కో 1/32కో దించితే ఆ క్షణం ఇంకా చిన్నదవుతుంది. అలా తగ్గిన వెలుగుని సరిచెయ్యడానికే ఐఎస్ఓ కాస్త పెంచుకోవడం. ఇక 1:1 మాగ్నిఫికేషన్ దగ్గర, అంటే పురుగు సెన్సర్ మీద అసలు సైజులోనే పడేటప్పుడు, ఎఫ్/11 దాదాపు ఎఫ్/22లా పనిచేస్తుంది. రంధ్రం మరీ చిన్నదైతే ఫొటో మసకబారుతుంది. ఇది తెలియకే చాలామంది ఎఫ్/22 పెట్టి, ఫొటో మసకబారిందని లెన్స్‌ని తిడతారు.

వెనక అంతా నల్లగా వస్తోందన్న ఫిర్యాదుకి ఒక్క మాట చాలు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే మిగులుతుంది కాబట్టి పురుగు వెనక దగ్గర్లోనే ఒక ఆకు ఉండేలా చూసుకోమను.

పురుగుని ఫ్రిజ్‌లో పెట్టి, కదలకుండా అయ్యాక తీయమన్న పేరా పూర్తిగా తీసెయ్. అలా తీసిన ఫొటోలో కాళ్లు ముడుచుకున్న తీరు చూస్తేనే బాధేస్తుంది. తెల్లవారుజామున, మంచు ఆరకముందు వెళ్తే చాలా పురుగులు వాటంతటవే కదలకుండా కూర్చుని ఉంటాయి. నీ పాఠకుడికి ఆ సంగతి చెప్పు.

తిరగరాసి పంపేటప్పుడు ఒకే పురుగుని 1:1, 2:1, 4:1 ఫ్లాష్ రేషియోల్లో తీసిన మూడు ఫొటోలు జత చెయ్. వాటిని ముందు పెట్టుకునే రెండో పేరా రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు