మొరిగిందని దాన్ని కొట్టకురా

చిన్నా,

నువ్వు కుక్కపిల్లను తెచ్చుకుంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషంగా ఉందిరా. కుక్క ఎదురొస్తే నా వెనక దాక్కునే పిల్లాడివి, ఇప్పుడు ఒకదాన్ని పెంచబోతున్నావు. కానీ "వారంలో మొరగడం మాన్పించేస్తా" అన్నావట. ఆ మాట దగ్గరే నాకు టెన్షన్ పట్టుకుంది.

8 వారాలు నిండకముందు తల్లి నుంచి వేరు చెయ్యకు. టీకాలు వేళకు వేయించు. కొత్త మనుషుల్ని, చప్పుళ్ళను మూడు నెలలు నిండేలోపే మెల్లగా అలవాటు చెయ్యి. ఇవి నీకు ఎవరైనా చెబుతారు. నేను చెప్పాల్సింది మల్లి సంగతి.

నీ వయసులో ఉండగా నేను పెంచిన కుక్క అది. ఒళ్ళంతా నలుపు, ముందుకాలు ఒక్కటే తెలుపు. గేటు చప్పుడైతే చాలు, మొరిగేది. మొదట్లో నేను అరిచేదాన్ని. నేను అరిచేకొద్దీ అది ఇంకా రెచ్చిపోయేది. పేపరు చుట్టి ముక్కు మీద ఒక్కటి వెయ్యమని ఎవరో చెబితే అదీ చేశాను. మొరిగితే కొట్టాను. తర్వాత గుర్రుమన్నా కొట్టాను. నెల తిరిగేసరికి ఇల్లు నిశ్శబ్దం. నా కుక్కంత బుద్ధిమంతురాలు లేదని అందరికీ చెప్పుకున్నాను.

ఒకరోజు పక్కింటి పిల్లాడు వచ్చి మల్లి తల నిమిరాడు. అది గుర్రుమనలేదు, పళ్ళు చూపలేదు. చటుక్కున వాడి చెయ్యి పట్టేసింది. గాయాన్ని సబ్బుతో, ధార కింద పావుగంట కడిగి వాణ్ణి ఆస్పత్రికి పరుగున తీసుకెళ్ళాం. మర్నాడు పశువుల డాక్టరు మల్లి చెవి మడిచి చూపించాడు. లోపలంతా ఎర్రగా వాచి, చీము పట్టి ఉంది. ఎన్ని రోజులుగా ఆ బాధ పడుతోందో! ముట్టుకోవద్దని చెప్పడానికి దానికున్నది ఆ గుర్రే. దాన్ని నేనే నొక్కేశాను.

చెవి నయమైంది. కానీ పొద్దున్నే నేను పేపరు విప్పితే చాలు, ఆ చప్పుడికి చెవులు వెనక్కి పెట్టి, పొట్ట నేలకానించి పాకుతూ మంచం కిందికి పోయేది. అది ఉన్నన్నాళ్ళూ దాని ఎదుట పేపరు తెరవలేదురా నేను.

అందుకే, మొరిగినప్పుడు ముందు ఎందుకో చూడు. ఆకలా, బయటికి వెళ్ళాలా, భయమా, ఒంటరిగా ఉందా? నిద్ర చాలకపోయినా పేచీ పెడుతుంది. ఆ వయసులో రోజుకు 18 నుంచి 20 గంటలు పడుకుంటాయి. పడుకున్నదాన్ని లేపి ఆడించకు. తెచ్చిన కొత్తలో రాత్రిళ్ళు ఏడుస్తుంది. వేరే గదిలో పెట్టి తలుపు వెయ్యకు నాన్నా, తల్లిని వదిలొచ్చిన పసిది. నీ మంచం పక్కనే పక్క వెయ్యి.

ఇవేవీ కాక ఊరికే నిన్ను పిలవడానికి మొరిగితే అటు చూడకు, మాట్లాడకు. ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగుతుంది చూడు, సరిగ్గా అప్పుడు "శభాష్" అని తిండి ముక్క పెట్టు. ఆలస్యమైతే ఆ ముక్క దేనికో దానికి తెలియదు. తర్వాత తర్వాత ఆ ఆగే వ్యవధి కాస్త కాస్త పెంచు. మధ్యలో ఒక దశలో ముందుకంటే ఎక్కువ గోల చేస్తుంది. అక్కడ నువ్వు లొంగితే, గట్టిగా అరిస్తే పని జరుగుతుందని నేర్చుకుంటుంది.

బెల్లుకి మొరిగితే ఆ శబ్దం ఫోన్‌లో రికార్డు చేసి, బాగా చిన్నగా పెట్టి వినిపిస్తూ ముక్కలు పెట్టు. రోజురోజుకీ శబ్దం కొంచెం పెంచు. ఒంటరిగా వదలడం కూడా ఒక నిమిషంతో మొదలుపెట్టు, గంటతో కాదు. కరెంటు షాకిచ్చే పట్టీలు అమ్ముతున్నారట. అవి నీ ఇంట్లోకి రానివ్వకు, నా మీద ఒట్టు.

ఇదంతా వారంలో అయ్యేది కాదు, నెలలు పడుతుంది. పక్కవాళ్ళకి ముందే వెళ్ళి చెప్పు, కొన్నాళ్ళు ఓర్చుకోమని. వారానికోసారి చెవులు మడిచి చూడు, వాసన చూడు. తల అదే పనిగా విదిలిస్తుంటే డాక్టరు దగ్గరికి వెళ్ళు.

వచ్చే నెల నేను వస్తున్నాను. నన్ను చూసి మొరిగితే మొరగనీ, కసరకు. అది నా వాసన చూసి ఊరుకునేదాకా గుమ్మం బయటే నిలబడతాను.

మీ అత్త