అక్కకు దయ్యం పూనిందా, పట్టిందా?

సందేహం: మాది ప్రొద్దుటూరు. ఒక దయ్యాల కథ రాస్తున్నాను. ఇంట్లో పెద్దకూతురు అర్ధరాత్రి లేచి కూర్చుని వేరే గొంతుతో మాట్లాడుతుంటుంది. జేజి (నాయనమ్మ) గాలి సోకిందంటుంది, ఫార్మసీ చదివే తమ్ముడు జబ్బంటాడు. రెండిట్లో ఏదో తేలకుండానే కథ అయిపోవాలి. "అక్కకు దయ్యం పూనింది" అని రాస్తే ఒక మిత్రుడు తప్పన్నాడు. నిజంగా తప్పేనా? దయ్యానికీ పిచ్చికీ రెండిటికీ "పట్టింది" అనే ఎందుకంటాం?

సమాధానం: పూర్తిగా తప్పని కాదు, అలా అనేవాళ్ళూ ఉన్నారు, కానీ మీ మిత్రుడి మాటలో పస ఉంది. సాధారణంగా పట్టేది దయ్యం, పూనేది దేవర. పూను అంటే పైన వేసుకోవడం, ఒక పనికి సిద్ధపడి ఎత్తుకోవడం. పనికి పూనుకోవడం, పూనిక, రథానికి గుర్రాలను పూన్చడం అన్నీ ఆ ధాతువులోవే. అందుకే పూనకం అన్న మాటలో గౌరవం ఉంది, పట్టడంలో లేదు. మన కడప వైపు పల్లెల్లో "ఒంటిమీదికి దేవరొచ్చింది" అనే మాట కూడా బాగా వినిపిస్తుంది. అలా అనుకున్న క్షణం నుంచి ఇంటివాళ్ళ పిలుపే మారిపోతుంది. పొద్దున "ఏమే, ఇంకా లేయలేదా" అని అరిచిన తల్లే సాయంత్రం అదే కూతురి ముందు చేతులు జోడించి "ఏం కావాల తల్లీ, చెప్పు" అంటుంది. దయ్యమనుకుంటే మాత్రం "ఎవరే నువ్వు, యాడినుంచి వచ్చినావు" అని గద్దిస్తుంది. ఎవరు ఏది నమ్ముతున్నారో మీరు వివరించి చెప్పక్కర్లేదు, ఈ పిలుపులు చాలు. ఇంకో సంగతి, దయ్యం అన్న మాటే దైవం నుంచి వచ్చింది. పాత కావ్యాల్లో దయ్యం అంటే దేవుడనీ విధి అనీ అర్థం, భూతం అనే అర్థం తర్వాత స్థిరపడింది.

ఇక "పట్టు". నిద్ర పట్టింది, చెమట పట్టింది, జలుబు పట్టింది, శని పట్టింది, పిచ్చి పట్టింది, దయ్యం పట్టింది. మనిషి ప్రమేయం లేకుండా మనిషి మీదికి వచ్చేవాటికి చాలావాటికి తెలుగులో ఈ ఒక్క క్రియే. సంస్కృతంలో కూడా ఇంతే, గ్రహం అంటే పట్టుకునేది, పిల్లలను పట్టేవి బాలగ్రహాలు. పాత ఆయుర్వేద గ్రంథం చరకసంహిత ఉన్మాదాన్ని, అంటే పిచ్చిని, 5 రకాలుగా చెబుతుంది. వాత, పిత్త, కఫాల వల్ల ఒక్కొక్కటి, మూడూ కలిసి చెడితే ఒకటి, ఐదోది ఆగంతుకం, అంటే దేవతలో పిశాచాలో బయటినుంచి వచ్చి పట్టడం వల్ల కలిగేది. జబ్బునూ పట్టడాన్నీ ఒకే పేరు కింద పెట్టారు. అంటే మీ కథలో జేజీ తమ్ముడూ పడే గొడవకు మన భాషల్లో చాలా పాత చోటు ఉంది. ఆవేశం అన్న మాట చూడండి. లోపల ప్రవేశించడం అని దాని అర్థం, ఇప్పుడు కోపంతో ఊగిపోయేవాణ్ణి చూసి కూడా "ఆవేశపడకు" అంటున్నాం.

మీరు జాగ్రత్త పడాల్సింది విభక్తి దగ్గర. "అక్కకు దయ్యం పట్టింది" అంటే ఇంట్లో అనుకునే మాటలా ఉంటుంది, జలుబు పట్టింది అన్నంత మామూలుగా. "దయ్యం అక్కను పట్టుకుంది" అని రాశారా, ఇక తలుపు మూసుకుపోయినట్టే. దయ్యం తానే పని చేసే కర్త అయిపోయింది, చేతులున్న ప్రాణి అయిపోయింది, కథ చెప్పేవాడే అది ఉందని ఒప్పుకున్నట్టు అయింది. "అక్కకు"లోని "కు" దగ్గరే ఆగండి. -నట్టు కూడా మీకు పనికొస్తుంది: "ఎవరో పిలిచినట్టు తిరిగి చూసింది." పిలిచారో లేదో ఆ వాక్యం చెప్పదు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది ఇంకోటి ఉంది, దీన్ని మన కథకులు ఇంకా బాగా వాడుకోవాలని నా కోరిక. తెలుగు క్రియలో ఏకవచనంలో ఆడమనిషికీ మనిషి కానిదానికీ ప్రత్యయం ఒక్కటే. అక్క నవ్వింది, దయ్యం నవ్వింది. అనంతపురం వైపు కన్నడం తెలిసినవాళ్ళను అడగండి, అక్కడ ఆమె వస్తే "బందళు", అది వస్తే "బందితు", తమిళంలోనూ ఇలాగే వేరు. కన్నడంలో రాస్తే వచ్చింది ఆమో అదో క్రియే చెప్పేస్తుంది, మనకు ఆ బలవంతం లేదు. కర్తను తీసేయండి: "లేచింది. పొయ్యి దగ్గరికి పోయింది. బూడిద వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది." ఎవరు? అక్కే కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. అదే మీ కథలో అన్న ఉండి ఉంటే "లేచాడు, పోయాడు" అని రాస్తూ రాస్తూ ఒకచోట "నవ్వింది" అంటే చాలు, చదివేవాడి ఒళ్ళు జలదరిస్తుంది, కానీ అక్కడ అనుమానం మిగలదు.

జబ్బు మాటల గురించి. రాయలసీమలో తిక్క అంటే ఒక్కోసారి పిచ్చి అనే అర్థం, "దానికి తిక్క పట్టింది" అని జేజి అనొచ్చు. వేరే ప్రాంతాల్లో తిక్కంటే మొండి కోపం అనుకుంటారు కాబట్టి సందర్భం తెలిసేలా రాయండి. తమ్ముడు చదువుకున్నవాడు, స్కిజోఫ్రీనియా అనే అంటాడు, మనోవైకల్యం అనడు. పిచ్చిది, మెంటల్ అనే మాటలు పాత్రల నోట రానివ్వండి, కథకుడి నోట వద్దు. ఇది నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా పెద్దమ్మకు వచ్చేది మూర్ఛ. ఇంట్లో గాలి అన్నారు, ఆ మాట వల్ల ఏళ్ళ తరబడి తాయెత్తులూ వేపమండలతో కొట్టడాలూ జరిగాయి. చివరకు ఒక డాక్టరు మాత్రలు రాస్తే తగ్గింది. ఆమెకు ఏమైందని ఎవరూ ఆమెనే అడగలేదు. మీ కథలో కూడా అందరూ అక్క గురించి మాట్లాడుతున్నారు. తనకు లోపల ఏమవుతుందో చెప్పడానికి అక్క ఏ మాట వాడుతుంది? దయ్యం అనే అననివ్వండి, భయం అనే అననివ్వండి, ఇంకేదైనా అననివ్వండి, కానీ ఒక్కచోటైనా ఆ మాట తన గొంతుతోనే రావాలి.

ఇక మీ వాక్యం: "అక్కకు పట్టింది" అని రాసి వదిలేయండి. ఏం పట్టిందో జేజి ఒకటి చెబుతుంది, తమ్ముడు ఇంకోటి చెబుతాడు.