ముందు స్టాల్ లెక్క, తర్వాతే సరుకు

చిన్న వ్యాపారం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేనూ మా తోటికోడలూ కలిసి దసరా రోజుల్లో విజయవాడలో ఒక ఎగ్జిబిషన్‌లో పది రోజులకు స్టాల్ తీసుకుందామనుకుంటున్నాము. మా చేతిలో 40,000 రూపాయలున్నాయి. వన్‌టౌన్‌లో హోల్‌సేల్‌గా తలక్లిప్పులు, కీచైన్లు, చిన్నాచితకా ఫ్యాన్సీ సామాను తెస్తే ఇట్టే అమ్ముడుపోతాయని కొందరంటున్నారు. కొండపల్లి బొమ్మలు పెట్టమని మా మామగారు అంటున్నారు. ఏది ఎంచుకోవాలో చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, సరుకు సంగతి కాసేపు పక్కన పెట్టి, కాగితం మీద ఒక చిన్న లెక్క వేయండి. స్టాల్ అద్దె 15,000 అనుకుందాము. కరెంటు, ఆటో, బల్లలు, గుడ్డ పరచడం, ఇద్దరికీ కాఫీ టిఫిన్లు కలిపి మరో 7,000 అవుతుందనుకుందాము. మొత్తం 22,000, అంటే రోజుకు 2,200 రూపాయలు. మీ అసలు ఖర్చులు తెలిశాక ఈ అంకెలు మార్చుకోండి. క్లిప్పు మీద మీకు మిగిలేది 20 రూపాయలైతే, రోజుకు 110 క్లిప్పులు అమ్మితే గాని ఆ ఖర్చు గట్టెక్కదు. మన ఎగ్జిబిషన్లలో అసలైన బేరం సాయంత్రం ఐదింటి నుంచి తొమ్మిదిన్నర వరకే కాబట్టి, ఆ నాలుగున్నర గంటల్లో రెండున్నర నిమిషాలకొకటి చొప్పున, మధ్యలో మంచినీళ్లు తాగే తీరిక కూడా లేకుండా అమ్మాలి. అప్పటికి మీకు లాభం ఇంకా మొదలవనే లేదు. అదే ఒక వస్తువు మీద 80 రూపాయలు మిగిలితే రోజుకు 28 వస్తువులు అమ్మితే చాలు, పది నిమిషాలకు ఒక్కటి. నా మట్టుకు ఈ లెక్క తేలాకే సరుకు కోసం గడప దాటాలంటాను.

తలక్లిప్పులు త్వరగా పోతాయన్న మాట అబద్ధం కాదు. కానీ అవి బీసెంట్ రోడ్డులో తోపుడు బండి మీద కూడా దొరుకుతాయి, ఆ బండికి మీలాగా స్టాల్ అద్దె ఉండదు. ప్రవేశ టికెట్ కొని లోపలికి వచ్చిన మనిషి, బయట చూసిన వస్తువే లోపల కనబడితే ధర అడిగి ముందుకు సాగిపోతాడు. పైగా హోల్‌సేల్ బజారులో మీకు నచ్చిన సరుకు మరో నలుగురికీ నచ్చుతుంది. కొన్నేళ్ల కిందట నేను ఒక హోల్‌సేల్ కొట్లో టార్చిలైటు బిగించిన చేతి ఫ్యాన్లు ఇరవై డజన్లు, ఒక్కొక్కటి 85 రూపాయల చొప్పున తెచ్చాను. ఈ మాడల్ మీకు తప్ప ఎవరికీ ఇవ్వలేదని ఆ వ్యాపారి నమ్మబలికాడు. తీరా స్టాల్ తెరిచేసరికి మా వరసలోనే నాలుగు చోట్ల అవే ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. మొదటి రోజు 150కి మొదలైన ధర మూడో రోజు సాయంత్రానికి 80కి దిగింది. మిగిలిన పదకొండు డజన్లు మా అటక మీదకెక్కాయి, మరుసటి ఏడాదికి లోపలి బ్యాటరీలు చెమ్మగిల్లి, ఎవరికైనా ఊరికే ఇద్దామన్నా పనికిరాకుండా పోయాయి. ఆనాటి నుంచి, మిగిలిపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు సమాధానం లేని సరుకును నేను ముట్టలేదు.

ఆ విధంగా చూస్తే మీ మామగారి మాటలో బలముంది. తెల్ల పొణికి కర్రతో చేసిన బొమ్మ ఏడాది తర్వాత కూడా అంతే అందంగా ఉంటుంది. దసరాకు పోనిది సంక్రాంతి బొమ్మల కొలువుకు పోతుంది. కొండపల్లి మీకు గంట ప్రయాణంలోనే ఉంది కనుక, మొదటి విడత తక్కువగా తెచ్చి, నాలుగో రోజుకల్లా ఏవి పోతున్నాయో చూసుకుని మళ్లీ వెళ్లి తెచ్చుకోవచ్చు. దూరం నుంచి తెప్పించే ఏ సరుకుకూ ఈ సౌకర్యం లేదు. పది రోజుల ఎగ్జిబిషన్‌లో ఇది పెట్టుబడిని సగానికి తగ్గించినంత పని చేస్తుంది.

అయితే బొమ్మను చేతిలోకి తీసుకుని చూసి కొనండి. కొండపల్లి బొమ్మకు చేతులు, తొండాలు, కొమ్ములు విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ అతుకు ఆరకముందే రంగు వేసిన బొమ్మ, ప్రయాణంలో ఆటో రెండు గతుకులు ఎక్కేసరికే చేయి ఊడదీసుకుంటుంది. కాబట్టి ఎడ్లబండి అయితే ఎద్దు కొమ్మును, తాడిచెట్టు ఎక్కే బొమ్మ అయితే ఆ మనిషి మోచేతిని రెండు వేళ్లతో మెల్లగా కదిపి చూడండి. తడివేలితో అడుగుభాగం రుద్ది రంగు అంటుతుందేమో చూడండి. ఊడిన చేతులు అతికించడానికి కాస్త జిగురు, ఒక సన్నని కుంచె స్టాల్ బల్ల కింద ఎలాగూ ఉంచుకోవాల్సిందే.

కేవలం కొండపల్లి బొమ్మలే పెడితే ఒక చిక్కు ఉంది. అవి చూడడానికే గాని ఆడించి చూపడానికి ఉండవు, జనం ఆగి, బాగున్నాయని మెచ్చుకుని వెళ్లిపోతారు. అందువల్ల వాటి పక్కన ఏటికొప్పాక లక్క బొంగరాలు, గిలక్కాయలు కొన్ని ఉంచండి. ఒక బొంగరాన్ని స్టీలు పళ్లెంలో వేసి తిప్పితే ఆ చప్పుడుకు పిల్లవాడు ఆగుతాడు, పిల్లవాడు ఆగితే తల్లి ఆగుతుంది, తల్లి చూపు పైన మెట్టులో ఉన్న దశావతారాల మీద పడుతుంది. ప్రతి ఎగ్జిబిషన్‌లోనూ కూరగాయలు తరిగే పరికరం వాడి దగ్గర గుంపు ఎందుకు ఉంటుందో గమనించే ఉంటారు. అతను వస్తువు గురించి చెప్పడు, ముల్లంగిని తరిగి చూపిస్తాడు. మీరూ రోజంతా ఆ పళ్లెం ఆగకుండా చూసుకోండి. ధరలు కూడా మెట్లుమెట్లుగా ఉండనివ్వండి: బోణీకి పనికొచ్చే 50 రూపాయల బొంగరం, అమ్మకంలో ఎక్కువ భాగం మోసే 150 నుంచి 300 లోపు బొమ్మలు, అమ్ముడైనా కాకపోయినా స్టాల్‌కు కళ తెచ్చే ఒక పెద్ద అంబారీ ఏనుగు. 40,000లో స్టాల్ ఖర్చు పోగా మిగిలిన 18,000లో మొదటి విడతకు 12,000కు మించకండి.

ఇంకొక మాట. ఫ్యాన్సీ సామానుతో పాటు చవక ప్లాస్టిక్ బొమ్మలు కూడా ఒక బుట్టలో వేద్దామని మీకు అనిపించవచ్చు. 2021 జనవరి 1 నుంచి, పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి అయింది. గుర్తు లేనివి అమ్మితే సరుకు జప్తు కావడమే కాదు, కేసు కూడా కావచ్చు. హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఉంది. కాబట్టి కొండపల్లిలోనైనా ఏటికొప్పాక సరుకైనా, ఆ గుర్తింపు కార్డు ఉన్న కళాకారుని దగ్గరే, బిల్లు వేయించుకుని కొనండి. ఆ బిల్లు, కార్డు నకలు స్టాల్‌లోనే ఉంచండి.

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మగారు చేసే కారప్పొడులను ఆదివారాలు అపార్ట్‌మెంట్లలో పెట్టే చిన్న సంతల్లో అమ్మాలనుకుంటున్నాను. గుంటూరు కారం అంటే పేరుంది కదా, అరకిలో కారం ప్యాకెట్లతో మొదలుపెట్టమంటారా?
– ఒక యువ పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: గుంటూరులో గుంటూరు కారం అమ్మడం కొంచెం కష్టమే నాయనా. ఈ ఊళ్లో చాలా ఇళ్లలో ఎండాకాలంలో కాయలు కొని, తొడిమలు తీసి, ఎండబెట్టి, ఏడాదికి సరిపడా మరలో పట్టించుకుంటారు. వారికి వారి కారమే కారం. ఇళ్లలో తీరిక లేక చేసుకోవడం మానేసినవి ఎంచుకోండి: కాకరకాయ కారం, మునగాకు పొడి, వెల్లుల్లి కారం వంటివి. అరకిలో వద్దు. 100 గ్రాముల పొట్లమైతే, రుచి తెలియని వస్తువు మీద ఎవరూ పెద్దగా ఆలోచించకుండా డబ్బు పెడతారు, నచ్చితే వచ్చే ఆదివారం వెతుక్కుంటూ వస్తారు. అపార్ట్‌మెంట్ సంతకూ ఎగ్జిబిషన్‌కూ ఉన్న పెద్ద తేడా అదే: ఇక్కడ మీకు ఎదురయ్యేది ప్రతి వారమూ అదే జనం, కాబట్టి ఒక్కసారి మోసపోయినట్టు అనిపించినా మరి రారు.

ఒక చిన్న హాట్‌బాక్స్‌లో వేడి అన్నం, పక్కన నెయ్యి గిన్నె పెట్టుకుని, ఆకు దొన్నెలో ఒక్క ముద్ద కలిపి ఇవ్వండి. పొడిని పొడిగా అరచేతిలో వేసి రుచి చూడమనే వారిని చూస్తే నాకు జాలి వేస్తుంది. దగ్గొచ్చిన మనిషి కొనడు. పల్లీ, నువ్వులు ఎక్కువ పడే పొడులకు నూనె వాసన త్వరగా మారుతుంది కనుక అవి ఆ వారానికి సరిపడా మాత్రమే చేయించండి.

ఎంత చిన్న ఎత్తున చేసినా ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు ఉండాలి, ఆ 14 అంకెల నంబరు పొట్లం మీద వేయాలి. దానితో పాటు పదార్థాలు, నికర బరువు, అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ చిల్లర ధర, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, మీ చిరునామా, ఫోన్ నంబరు. గుంటూరు సన్నం అన్న మిరప రకం పేరుకు భౌగోళిక గుర్తింపు ఉంది. మీ అమ్మగారు వాడేది తేజ రకమైతే లేబుల్ మీద సన్నం అని వేయకండి, ఘాటు చూసి పట్టేసే పెద్దవారు మీ ఊళ్లో చాలామంది ఉంటారు.

ప్రశ్న: మంగళగిరి చేనేత గుడ్డతో చేతిసంచులు, పర్సులు కుట్టించి విజయవాడలో అమ్ముతున్నాను. టర్నోవర్ ఏడాదికి పది లక్షలు కూడా దాటదు, జీఎస్‌టీ లేదు. ఈసారి హైదరాబాద్ నుమాయిష్‌లో స్టాల్ కోసం ప్రయత్నిస్తున్నాను. ఇబ్బంది ఏమైనా ఉంటుందా?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: సరుకు విషయంలో ఇబ్బంది లేదు. నిజాం అంచు ఉన్న గుడ్డను హైదరాబాద్‌లో గుర్తుపట్టి కొంటారు, సంచికి ఆ అంచు పైకి కనిపించేలా కుట్టించండి. 1938లో మొదలైన నుమాయిష్ సాధారణంగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు, అంటే నలభై ఆరు రోజులు సాగుతుంది. పది రోజుల సరుకుతో వెళ్లి కూర్చుంటే చాలదు. ఇక్కడ కుట్టే మనిషి అక్కడి అమ్మకానికి తగ్గట్టు వారం వారం పంపగలిగితేనే దిగండి.

ఇబ్బంది పన్ను దగ్గర ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవారికి 40 లక్షల టర్నోవర్ వరకు సాధారణంగా జీఎస్‌టీ నమోదు అక్కరలేదు. కానీ మీకు స్థిరమైన దుకాణం లేని మరో రాష్ట్రానికి వెళ్లి అమ్మితే ఆ పరిమితి వర్తించదు. తాత్కాలిక వ్యాపారిగా, వ్యాపారం మొదలుపెట్టడానికి కనీసం ఐదు రోజుల ముందు ఆ రాష్ట్రంలో నమోదు చేయించుకుని, అంచనా పన్ను ముందే కట్టాలి. ఆ నమోదు మొదటి విడతలో గరిష్ఠంగా 90 రోజులు చెల్లుతుంది. ప్రధానంగా చేతితోనే తయారైన హస్తకళా వస్తువులకు, పాన్ నంబరు, సరుకు రవాణాకు తీసుకునే ఈ-వే బిల్లు ఉంటే, నిర్ణీత టర్నోవర్ వరకు మినహాయింపు ఇచ్చారు. మీ గుడ్డ మగ్గం మీదిదే అయినా సంచిని కుట్టుమిషన్ మీద కుట్టిస్తున్నారు, మీరు కుట్టే మనిషి కాక కుట్టించే మనిషి కూడాను. కాబట్టి ఆ మినహాయింపు మీకు వస్తుందని మీకు మీరే అనుకోకుండా, ఒక సంచిని, గుడ్డ కొన్న బిల్లును పట్టుకుని ఆడిటర్ దగ్గరకు వెళ్లి అడగండి. స్టాల్ అడ్వాన్సు ఆ తర్వాత కట్టవచ్చు.