రోబోటిక్స్ జట్టులో చేరిన అమ్మాయికి పెద్దనాన్న ఉత్తరం

చిరంజీవి తల్లికి పెద్దనాన్న ఆశీస్సులు.

నీవు మీ బడి రోబోటిక్స్ జట్టులో చేరావని, ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్‌లో పాల్గొనబోతున్నావని నాన్న ఫోనులో చెప్పాడు. ఇలాంటి జట్టుకు నేను తొమ్మిదేళ్లు మెంటారుగా, అంటే దారి చూపే పెద్దగా ఉన్నాను. రిమోటు చేతికిస్తారనుకుని వచ్చి, మొదటి నెలంతా రేకులకు ఆకురాయి పెట్టి, వైర్లకు చీటీలు అంటించి, మొహం ముడుచుకుని మానేసిన పిల్లలను చాలామందిని చూశాను. నీకు ఆ పరిస్థితి రాకూడదని, లోపల పని ఎలా ఉంటుందో ముందుగానే రాస్తున్నాను.

అమెరికా ఆవిష్కర్త డీన్ కేమెన్ 1989లో స్థాపించిన ఫస్ట్ (FIRST) అనే సంస్థ ఈ పోటీని మొదటిసారి 1992లో జరిపింది. ప్రతి జనవరిలో కొత్త ఆటను ప్రకటిస్తారు. బంతులను గోలులో వేయాలా, గొట్టాలను కొయ్యలకు తగిలించాలా, చివర్లో రోబో కడ్డీ పట్టుకుని పైకి ఎక్కాలా అన్నది ఆ రోజు వరకు ఎవరికీ తెలియదు. మైదానంలో ఒక్కో వైపు మూడేసి జట్లు కూటమిగా ఆడతాయి. మ్యాచ్ రెండున్నర నిమిషాల పైచిలుకు ఉంటుంది, అందులో మొదటి కొన్ని సెకన్లు మనిషి చేయి తగలకుండా రోబో తనంతట తాను కదలాలి. ఒక పోటీలో పది పన్నెండు అర్హత మ్యాచ్‌లు వస్తాయనుకుంటే, వారాల తరబడి సాయంత్రాలన్నీ పోసి కట్టిన యంత్రం ఆడేది అన్నీ కలిపి అరగంట. ఈ లెక్క మనసులో ఉంటే తక్కినవన్నీ సులువుగా అర్థమవుతాయి.

ఆట ప్రకటించిన రోజు అందరూ వెంటనే బొమ్మలు గీయడం మొదలుపెడతారు. నీవు ముందు నియమావళి చదువు, మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు. బరువు, ఎత్తు, బంపర్లు, చట్రం దాటి చేయి ఎంతవరకు చాచవచ్చు అనే విషయాల్లో ఒక్క వాక్యం తప్పిపోయినా పోటీ రోజు తనిఖీలో నిలబెట్టేస్తారు. ఆ వారంలో జట్టు తీసుకునే అతి ముఖ్యమైన నిర్ణయం, రోబో ఏ పనులు చేయకూడదన్నది. అన్నీ చేసే రోబో కావాలని పట్టుబట్టేవాళ్లు ప్రతి జట్టులోనూ ఇద్దరు ముగ్గురుంటారు, సాధారణంగా బాగా తెలివైనవాళ్లే. నా అనుభవంలో, ఒకే పనిని ప్రతి మ్యాచ్‌లోనూ తప్పకుండా చేసే రోబో, నాలుగు పనులను అప్పుడప్పుడు చేసే రోబో కంటే ఎప్పుడూ పైనే ఉంటుంది.

ప్రతిసారీ తప్పకుండా పనిచేయడం ఎంత ముఖ్యమో నాకు ఊరికే తెలియలేదు. ఒక ఏడాది నాకౌట్ మ్యాచ్‌లో మా రోబో ముందంజలో ఉండగా, అవతలి రోబో వచ్చి పక్క నుంచి ఢీకొంది. అదేమంత పెద్ద దెబ్బ కాదు, కానీ మా దీపాలు ఒక్కసారి ఆరి వెలిగాయి, రోబో కొయ్యబారిపోయింది. రోబోకు మెదడు లాంటి కంట్రోలరు, రేడియో మళ్లీ లేచి పనిచేసేసరికి అర నిమిషం దాటింది, మ్యాచ్ చేజారింది. పిట్‌కు, అంటే రోబోను బాగుచేసుకునే చోటుకు తెచ్చాక బ్యాటరీ తల మీద వైరును బిగించే నట్టును వేలితో తాకితే తిరిగింది. ముందు రాత్రి దాన్ని బిగించే పని ఒక అబ్బాయికి అప్పగించి, తర్వాత చూడనివాణ్ణి నేనే. ఆ మర్నాటి నుంచి ప్రతి మ్యాచ్‌కు ముందు ఒకరు ప్రతి వైరునూ కొసన పట్టుకుని లాగి చూడటం, రెండోవారు జాబితాలో టిక్కు పెట్టడం మా జట్టులో తప్పనిసరి అయింది.

బ్యాటరీ మాట వచ్చింది గనుక ఇంకొంత చెబుతాను. రోబో నడిచేది 12 వోల్టుల సీసం బ్యాటరీ మీద, దాని బరువు ఆరు కిలోల దాకా ఉంటుంది. మోటార్లన్నీ ఒకేసారి కరెంటు లాగితే వోల్టేజి పడిపోతుంది. అది మరీ కిందికి జారితే కంట్రోలరు తనను తాను కాపాడుకోవడానికి మోటార్లకు కరెంటు ఆపుతుంది. పాతబడిన బ్యాటరీ మీటరు పెడితే నిండుగానే కనిపిస్తుంది, మోటార్ల భారం పడినప్పుడే దాని అసలు సంగతి బయటపడుతుంది. అందుకే ప్రతి బ్యాటరీకి ఒక నంబరు వేసి, ఎప్పుడు చార్జ్ చేశారు, ఏ మ్యాచ్‌కు వాడారు, ఎలా పనిచేసింది అనేది పుస్తకంలో రాయాలి. చూడటానికి గుమాస్తా పనిలా ఉంటుంది. అది సరిగా చేసే పిల్ల ఉన్న జట్టు అదృష్టవంతమైన జట్టు.

స్కౌటింగ్, అంటే రోబోల ఆటను గమనించి రాసుకునే పని కూడా ఇలాంటిదే. ప్రతి మ్యాచ్‌లో ఆరు రోబోలు ఆడతాయి కాబట్టి ఆరుగురు గ్యాలరీలో కూర్చుని, ఒక్కొక్కరు ఒక్క రోబోనే మొదటి నుంచి చివరి వరకు చూసి రాయాలి. సొంత జట్టు ఆడుతున్నా కళ్లు తిప్పకూడదు, కష్టం అక్కడే. అర్హత మ్యాచ్‌లు ముగిశాక పైనున్న ఎనిమిది కూటముల నాయకులు తమ భాగస్వాములను ఎంచుకుంటారు. ర్యాంకుల పట్టిక ఒక్కటే చూసి ఎంచుకుంటే మోసపోతారు, ఎందుకంటే మంచి జోడీలు దొరికి పైకి వచ్చిన రోబోలు కొన్ని ఉంటాయి. ‘మూడో మ్యాచ్‌లో గొలుసు జారింది, ఐదో మ్యాచ్‌లో మళ్లీ జారింది’ అని ఎవరో ఓపికగా రాసిన ఒక్క వాక్యం ఆ నిమిషంలో జట్టును కాపాడుతుంది.

డ్రైవరు కావాలనుకోవడంలో తప్పు లేదు, ప్రయత్నించు. అయితే ఆ స్థానాలు కొన్నే. కోడ్ రాయడం, కంప్యూటరులో నమూనాలు గీసే క్యాడ్‌లో గీయడం, విరాళాల కోసం ఉత్తరాలు రాయడం, జడ్జీల ముందు మాట్లాడటం అన్నీ జట్టు పనులే. పోటీలో అత్యున్నతమైనదిగా లెక్కించే ఇంపాక్ట్ అవార్డును మ్యాచ్‌ల గెలుపు చూసి ఇవ్వరు, జట్టు తన చుట్టూ ఉన్నవారికి ఏం చేసిందో చూసి ఇస్తారు. పక్క పిట్‌లోని ప్రత్యర్థి మోటారు అడిగితే మీ దగ్గర అదనంగా ఉన్నది ఇచ్చేయి. మధ్యాహ్నం వారే మీ కూటమిలో ఉండవచ్చు.

చదువు సంగతి మీ అమ్మ చెబుతుంది, నేను కల్పించుకోను. సీజన్ మొదలయ్యేలోపే ముఖ్యమైన పాఠాలు ముందుగా చదివేసుకుంటే ఫిబ్రవరిలో ఏడవనవసరం ఉండదు.

వర్క్‌షాపుకు వెళ్లేటప్పుడు జుట్టు ముడి వేసుకో, వేళ్లు కప్పే బూట్లు వేసుకో, రక్షణ కళ్లద్దాలను నుదుటి మీద కాక కళ్ల మీద పెట్టుకో. యంత్రం తిరుగుతుండగా చేతి తొడుగులు వద్దు, అవి వేళ్లను లోపలికి లాగేస్తాయి. మెంటారు నీ చేతిలోంచి స్పానరు లాక్కుని తానే బిగించబోతే, ‘నేను చేస్తాను, మీరు చూడండి’ అని మర్యాదగా చెప్పు. ఆ మాట నాకు చెప్పిన పిల్లలు నాకింకా గుర్తున్నారు.

మొదటి రోజు వెళ్లగానే బ్యాటరీల పుస్తకం ఎవరి దగ్గర ఉందో అడుగు. లేదంటే నీవే మొదలుపెట్టి, ఆ మొదటి పేజీ ఫోటో నాకు పంపు.

ఇట్లు,
పెద్దనాన్న