బెల్లం డబ్బాకు తాళం పడింది, షుగరు దిగలేదు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 58. కళ్యాణదుర్గం దగ్గర పల్లె మాది, వేరుశనగ పండిస్తాం. షుగరు వచ్చి తొమ్మిదేళ్ళు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర రెండు పూటలా వేసుకుంటాను. పరగడుపున 130 దాటేది కాదు. మార్చిలో అప్పు చేసి రెండు బోర్లు వేయించాను. ఒకటి 640 అడుగులు, రెండోది 810. రెండింట్లోనూ దుమ్మే. అప్పటి నుంచి పరగడుపున 190, ఒక్కోసారి 215. సంగటి కొలత ప్రకారమే తింటున్నాను, మాత్ర మానలేదు. దొంగచాటుగా బెల్లం తింటున్నానని మా ఆవిడ డబ్బాకు తాళం వేసింది. రాత్రి రెండు గంటలకు చెమటలు పట్టి, గుండె దడతో మెలకువ వస్తుంది. షుగరు పడిపోయిందేమోనని రెండు చెంచాల చక్కెర నోట్లో వేసుకుని పడుకుంటాను. రెండుసార్లు మాత్రం మిషన్‌తో చూసుకున్నాను. ఒకసారి 174, ఇంకోసారి 61. దిగులుకు షుగరు పెరుగుతుందా? పెరిగేదే అయితే 61 ఎలా వచ్చింది? లెక్కలు రాసుకున్న కాగితం జతచేశాను.
– పేరు వేయవద్దు, అనంతపురం జిల్లా

జవాబు: ముందు ఆ తాళం తీయించండి. బెల్లం తప్పేమీ లేదు.

మీ కాగితం క్యాలెండరు చింపి వెనక రాసినదనుకుంటాను, శ్రీరామనవమి ఎర్ర అంకె ఇటువైపుకు కనబడుతోంది. అంకెల పక్కన ‘రిగ్గు వచ్చింది’, ‘బాకీ ఆయన వచ్చి కూర్చున్నాడు’ అని కూడా రాశారు. నా దగ్గరకు వచ్చేవాళ్ళలో ఇలా రాసేవాళ్ళు తక్కువ. 138 నుంచి 198కి ఎగిరిన రోజు మొదటి రిగ్గు వెళ్ళిపోయిన మర్నాడు. ముందు రాత్రి అన్నం ముట్టలేదని మీరే రాశారు. తినని మనిషి రక్తంలోకి అంత చక్కెర ఎక్కడిది? మీ కాలేయంలోదే.

రాత్రి చేనుకు నీళ్ళు కట్టేటప్పుడు కాళ్ళ దగ్గర పాము కదిలిందనుకోండి. ఒంట్లో అడ్రినలిన్ ఎగజిమ్ముతుంది. కాలేయం గాదె తెరిచి, దాచుకున్న గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది, పరుగెత్తడానికి. పరుగెత్తితే అది ఖర్చవుతుంది. అప్పు విషయంలోనూ శరీరం అదే పని చేస్తుంది, కానీ మీరు మంచం మీదే ఉంటారు. దిగులు వారాల తరబడి సాగితే కార్టిసోల్ అనే హార్మోను కూడా ఎక్కువవుతుంది, ఇన్సులిన్ మాట కండరాలు సరిగా వినవు. షుగరు లేనివారికి క్లోమం ఇంకాస్త ఇన్సులిన్ వదిలి సర్దేస్తుంది. మీకు ఆ వెసులుబాటు తక్కువ. తెల్లవారుజామున కార్టిసోల్ పెరగడం అందరిలోనూ ఉన్నదే, దానికి నిద్రలేమి తోడైతే పరగడుపు అంకె మీద దెబ్బ పడుతుంది.

ఇక 61. ఆ తేదీ పక్కన ‘మజ్జిగ తాగి పడుకున్నా’ అని ఉంది. మాత్ర మాత్రం వేసుకున్నారు కదా? గ్లిమెపిరైడ్ మీరు తిన్నారా లేదా అని చూడదు, క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తుంది. దిగులు కాలేయంలోని చక్కెరను బయటకు లాగుతుంది, ఆకలినీ చంపుతుంది. అందుకే ఒకే మనిషికి ఒకే నెలలో 215, 61 రెండూ వచ్చాయి.

చిక్కేమిటంటే షుగరు పడిపోయినా, దిగులు ముంచుకొచ్చినా లక్షణాలు అవే: చెమట, వణుకు, దడ. మనసుకు తేడా తెలియదు, స్ట్రిప్పుకు తెలుస్తుంది. మిషన్ దిండు పక్కనే పెట్టుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్ళీ చూడండి. 70 దాటాక ఏదైనా కాస్త తినండి. మిషన్ అందుబాటులో లేకపోతే పడిపోయిందనే అనుకుని చక్కెర తీసుకోండి, అదే క్షేమం. 174 ఉన్న రాత్రి మాత్రం చక్కెర వద్దు. లేచి కూర్చుని, నీళ్ళు తాగి, ఊపిరి నెమ్మదిగా, పొడవుగా వదలండి. అలాంటి రాత్రుల్లో వేసుకున్న రెండు చెంచాలు ఉన్న షుగరు మీదకే చేరాయి. మీ ఆవిడ అనుమానం పూర్తిగా తప్పు కాదు, డబ్బా తేడా అంతే.

చెమటతో పాటు ఛాతీ పట్టేసినా, ఆయాసం వచ్చినా 108కి ఫోను చేయండి. షుగరు ఉన్నవారికి గుండెపోటు నొప్పి లేకుండా కూడా రావచ్చు. అందుకే ఈ వారంలోనే ఒకసారి ఈసీజీ తీయించుకోండి.

190 చూసి మాత్ర మీరే పెంచుకోవద్దు, షుగరు 61కి పడిపోయే రాత్రులు ఎక్కువవుతాయి. ఈ కాగితం మీ డాక్టరుకు చూపించి, మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ చేయించండి. మోకాలి నొప్పికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఏమైనా వేయించుకుని ఉంటే అదీ చెప్పండి, షుగరు పెంచుతుంది. రాత్రి భోజనమయ్యాక ఊరి చివరి దాకా నడిచి రండి. పాముకు భయపడి పరుగెత్తినప్పుడు ఖర్చయ్యే గ్లూకోజు నడకలోనూ ఖర్చవుతుంది.

ఒక మాట నేరుగా అడుగుతాను. ఆ రెండు గంటల వేళ బతకడం దేనికని అనిపిస్తోందా? అనిపిస్తే ఇంట్లో చెప్పండి, ఆ క్షణమే 14416కు ఫోను చేయండి. అది మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు, వాళ్ళు ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. అలా అనిపించకపోయినా, నిద్ర లేక రెండు వారాలు దాటింది కాబట్టి చేయవచ్చు. మూడో బోరు వేయాలా వద్దా అని నన్ను అడగలేదు, కనుక చెప్పను.

మే 19న 286 అని రాసి పక్కన ఏమీ రాయలేదు. రిగ్గు లేదు, బాకీ ఆయన లేడు. అది మామిడిపండ్ల కాలం. పండు కోసి, చేయి కడుక్కోకుండా వేలు గుచ్చుకున్నారేమో గుర్తు చేసుకోండి. వేలికి అంటిన రసం చాలు, అంకె అబద్ధం చెబుతుంది. సబ్బుతో కడిగి, తడి ఆరాక చూడండి.