స్కూల్లో గాజులు వద్దన్నప్పుడు కడా, కిర్పాన్ ఎందుకు ఒప్పుకోవాలి?

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. మీ అమ్మాయి స్కూల్లో గాజులు, గొలుసులు వద్దంటారు. మరి క్లాసులో ఉన్న సిక్కు అమ్మాయికి కడా అనే ఉక్కు కడియం, కిర్పాన్ అనే చిన్న కత్తి ఎందుకు ఒప్పుకున్నారన్నది ఒకటి. పదమూడేళ్ల పిల్ల వాటిని తనంతట తానే ఎంచుకుందంటే ఎలా నమ్మాలన్నది రెండోది.

నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సిక్కుని. 1832లో మహారాజా రంజిత్ సింగ్ నిజాంకు సాయంగా పంపిన ఫౌజుతో వచ్చినవాళ్ల వారసులం మేం. ఇంట్లో పంజాబీ, గడప దాటితే తెలుగు.

మొదటి ప్రశ్న నాకు చిన్నప్పుడే ఎదురైంది. తొమ్మిదో తరగతిలో ఖోఖో జట్టులో ఉన్నాను. పోటీల ముందురోజు పీఈటీ సార్ అందరి గాజులూ తీయించి, నన్ను కడా తీయమన్నారు. ఆయనకు నా మీద కోపమేం లేదు, ఎవరికైనా దెబ్బ తగులుతుందని భయం. అది నేను అయిదో తరగతిలో వేసుకున్న కడా. చెయ్యి పెరిగింది, కడా పెరగలేదు కదా. సబ్బు తెప్పించారు. కుళాయి దగ్గర నిలబడి లాగుతుంటే బొటనవేలి ఎముక దగ్గర చర్మం లేచిపోయింది కానీ కడా మాత్రం బయటికి రాలేదు. జట్టంతా చుట్టూ చేరి చూస్తున్నారు. నొప్పి ఎప్పుడో మర్చిపోయాను, ఆ చూపులు మర్చిపోలేదు. ఆ ఏడాది నన్ను ఆడనివ్వలేదు. మరుసటి ఏడు కొత్తగా వచ్చిన మేడమ్ ఒక రిస్ట్ బ్యాండ్ చేతిలో పెట్టి, "దీన్ని కడా మీదికి లాక్కో, పద" అన్నారు. అంతే, ఆడాను.

గాజులు మాకూ ఇష్టమే. చీరకు తగ్గ రంగు వేసుకుంటాం, పండక్కి మార్చుకుంటాం. కడా అలా కాదు. 1699 వైశాఖి నాడు ఆనంద్‌పూర్‌లో గురు గోబింద్ సింగ్ ఖాల్సాను, అంటే దీక్ష తీసుకున్న సిక్కుల సమూహాన్ని, ఏర్పాటు చేశారు. కేశాలు, కంఘా అనే చెక్క దువ్వెన, కడా, కఛెరా అనే లోదుస్తు, కిర్పాన్ ఆ ఖాల్సా గుర్తులు. ఈ చెయ్యి తప్పు పనికి పోకూడదని గుర్తుచేసేది కడా అని మా నానమ్మ చెప్పేది. బ్రిటన్‌లోని వేల్స్‌లో ఒక స్కూలు కూడా మీలాగే కడాను నగల లెక్కలో వేసి, పద్నాలుగేళ్ల అమ్మాయిని క్లాసుకు దూరం పెట్టింది. అది వివక్షేనని 2008లో అక్కడి హైకోర్టు తేల్చింది.

కిర్పాన్ విషయంలో మీకున్న భయాన్ని నేను తీసిపారేయను, నాకూ పిల్లలున్నారు. అయితే సిక్కు పిల్లలందరూ కిర్పాన్ ధరించరు, అమృత్, అంటే ఖాల్సా దీక్ష, తీసుకున్నవాళ్లకే ఆ నియమం. కిర్పాన్ ధరించడం సిక్కు మతాచరణలో భాగమేనని మన రాజ్యాంగం 25వ అధికరణం వివరణలోనే రాసి ఉంది. స్కూల్లో ఎలా ధరించాలన్నదానికి కెనడాలో ఒక దారి దొరికింది. 2001లో మాంట్రియల్‌లో ఒక అబ్బాయి కిర్పాన్ స్కూలు ఆవరణలో కిందపడింది. గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పూర్తిగా నిషేధించడం కుదరదని 2006లో తీర్పు వచ్చింది. చెక్క ఒరలో పెట్టి, ఆ ఒరను మందపాటి గుడ్డలో కుట్టేసి, బట్టల లోపల ధరించాలన్న షరతులు మాత్రం ఉన్నాయి. దెబ్బ తీయాలనుకునేవాడికి స్కూల్లో కత్తెర, బేస్‌బాల్ బ్యాటు కూడా దొరుకుతాయి కదా అన్న మాటా ఆ తీర్పులో ఉంది. నీట్ పరీక్షకు కడా, కిర్పాన్‌తో వచ్చే సిక్కు విద్యార్థులు ముందుగా వస్తే చాలని 2018లో ఢిల్లీ హైకోర్టు అంది. ముందుగా రావడం మాకేం కష్టం కాదు.

ఇక ఎంపిక సంగతి. మీరు అడిగినదాంట్లో నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే. నిజం చెప్పాలంటే అయిదో తరగతిలో ఆ కడాను నేను ఎంచుకోలేదు, అమ్మ వేసింది. మీ పాపకు మీరు బొట్టు పెట్టినట్టే. కానీ అమృత్ అలా ఇవ్వరు. మరీ చిన్నపిల్లలకు ఇవ్వకూడదని, మంచీచెడ్డా తెలిసిన వయసు రావాలని మా నియమావళి అయిన రెహత్ మర్యాదలోనే ఉంది. నేను పద్దెనిమిదేళ్లకు, నాన్న "ఇంకో రెండేళ్లు ఆగు" అంటున్నా వినకుండా తీసుకున్నాను. మా అన్నయ్య ఇంజినీరింగ్ రెండో ఏట జుట్టు కత్తిరించుకుని వచ్చాడు. అప్పటిదాకా రోజూ పొద్దున్నే వాడి తలకు కొబ్బరినూనె రాసి, దువ్వి, జూడా కట్టింది అమ్మే. ఆ రోజు వాడికి అన్నం పెట్టి, లోపలికెళ్లి తలుపేసుకుంది. ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ పండక్కి వాడు గురుద్వారాకు వస్తాడు, తలకు రుమాలు కట్టుకుని పంగత్‌లో, అంటే భోజనాల వరుసలో, నా పక్కనే కూర్చుంటాడు.

ఇంట్లోవాళ్లు బలవంతాన వేయిస్తే తప్పే. అదే స్కూలు బలవంతాన తీయిస్తే మాత్రం అందరికీ ఒకటే రూలు అంటారు. ఎటు లాగినా చర్మం లేచేది పిల్లకే.

మీ పేరెంట్స్ కమిటీ నిర్ణయం తీసుకునేముందు ఆ అమ్మాయిని ఆమెకు నచ్చిన టీచర్‌తో ఒకసారి విడిగా మాట్లాడనివ్వండి. అందరి ముందూ నిలబెట్టి మాత్రం అడగొద్దు. ఒర కుట్టేశారా, గాత్రా, అంటే కిర్పాన్‌ను మోసే పట్టీ, చొక్కా లోపలే ఉంటుందా అని తల్లిదండ్రులను అడగండి, సంతోషంగా చూపిస్తారు. ఆటల పీరియడ్‌కు ఒక రిస్ట్ బ్యాండ్ కొనిపెట్టండి.