400 ఏళ్ల నాటి పుస్తకాన్ని చేత్తో తిరగేయొచ్చా? నేను తిరగేశాను

17వ శతాబ్దంలో పేరూ ఊరూ పెద్దగా తెలియని దొరల ఇళ్లలో ఎలాంటి పుస్తకాలుండేవి, వాటిని మనలాంటివాళ్లు ముట్టుకోనిస్తారా అని కదా మీ ప్రశ్న.

ముట్టుకోనిచ్చే చోటు ఒకటి నాకు తెలుసు. స్కాట్లండ్‌లో క్రీఫ్ అనే ఊరి దగ్గర, ఎర్న్ నది పక్కన ఉన్న ఇన్నర్‌పెఫ్రే లైబ్రరీ. ఎడిన్‌బరాలో ఉద్యోగం చేసేటప్పుడు ఓ శనివారం మా ఆవిడా నేనూ వెళ్లాం. డేవిడ్ డ్రమ్మండ్ అనే దొర (బిరుదు మూడో లార్డ్ మాడర్టీ), 1680 ప్రాంతంలో తన పుస్తకాలు ఓ 400 దాకా చర్చి అటక మీద పెట్టించి, చుట్టుపక్కలవాళ్లు చదువుకోమన్నాడు. ఇప్పుడున్న మేడ 1762లో కట్టింది.

గ్లౌజులు ఇస్తారనుకున్నా. చేతులు కడుక్కుని రమ్మన్నారు, అంతే! మా తాతయ్య దాచుకున్న 1950ల నాటి పుస్తకం పేజీ తిప్పితే అప్పడంలా విరుగుతుంది. ఇక్కడ దానికి తాతలాంటి పుస్తకం పేజీ తిప్పితే ఇస్త్రీ చొక్కాలా ఫెళఫెళమంది. అప్పట్లో కాగితం పాత నార గుడ్డలు నానబెట్టి చేసేవారు. తర్వాత వచ్చిన చెక్కగుజ్జు కాగితాన్ని అందులోని ఆమ్లమే తినేస్తుంది. కిటికీకేసి ఎత్తి పట్టుకుంటే కాగితంలో సన్నటి తీగల చారలు కూడా కనిపించాయి. చదవడమే కష్టం, ‘ఎస్’ అక్షరం చాలాచోట్ల ‘ఎఫ్’లా ఉంటుంది.

మత గ్రంథాలే ఎక్కువ. వాటి పక్కనే చరిత్ర, చట్టం, వ్యవసాయం. ఇంగ్లీషుతో పాటు లాటిన్, ఫ్రెంచ్, ఇటాలియన్. షోకుకి కొన్నవని నాకైతే అనిపించలేదు. 1650లో ఎడిన్‌బరాలో ఉరితీసిన మాంట్రోజ్ ప్రభువు ఈ డ్రమ్మండ్‌కి బావమరిది. ఆ మాంట్రోజ్ జేబు బైబిలు, ఫ్రెంచిది, ఇక్కడే ఉంది.

వీటన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది అరువు ఖాతా. 1747 నుంచి ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్లారో రాసి ఉంది. నేతపనివాళ్లు, తాపీమేస్త్రీలు, పనివాళ్లు కూడా సంతకం పెట్టి లావుపాటి ప్రసంగాల పుస్తకాలు ఇంటికి మోసుకెళ్లారు. 1968 దాకా ఇలా అరువిస్తూనే ఉన్నారట. దొర పుస్తకాల గురించి అడిగారు గానీ, వెళ్తే ముందు ఆ ఖాతా చూపించమనండి.

చలికాలంలో మూసేస్తారు, బయల్దేరేముందు ఓసారి కనుక్కోండి. బస్సు దిగాక నడక చాలానే ఉంది, కారుంటే నయం.